పాత కత్తికి కొత్త సాన

పుస్తకానికి కొత్త ఎడిషన్‌ అంటే అచ్చుతప్పులు దిద్దుతారు, నాలుగు పేజీలు కలుపుతారు. మరి ఆటకు కొత్త ఎడిషన్‌ అంటే? అదీ చరిత్రను అరువు తెచ్చుకుని అల్లిన ఆటకైతే? నిబంధనలు మార్చాలా... ఏకంగా చరిత్రనే మార్చాలా? ఆట తయారుచేసినాయన మధ్యలోనే కన్నుమూస్తే ఆ పుస్తకాన్ని ఎవరు పూర్తిచేయాలి?

బల్ల చుట్టూ ఐదారుగురు. ముందు కాగితాలు, చేతుల్లో పెన్సిళ్లు, మధ్యలో రకరకాల పాచికలు... నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి. టీవీ లేదు, కంప్యూటర్‌ లేదు. ఒకరు కథ మొదలుపెడతారు. ‘చీకటి పడింది. బయట మంచు కురుస్తోంది. కోట తలుపు ఎవరో తట్టారు. తీరా చూస్తే నీ తండ్రిని చంపినవాడు! ఈ ఒక్క రాత్రికి ఆశ్రయం ఇమ్మంటున్నాడు. ఏం చేస్తావ్‌?’

ఆ ప్రశ్న ఎదురైన మనిషి ఆ క్షణానికి బ్యాంకు ఉద్యోగి కాదు, కాలేజీ కుర్రాడూ కాదు. ఆర్థర్‌ రాజు కాలంలో గుర్రమెక్కి తిరిగే వీరుడు. తలుపు తీస్తే ఒక కథ. తీయకపోతే ఇంకో కథ.

వీటినే టేబుల్‌టాప్‌ రోల్‌ ప్లేయింగ్‌ గేమ్స్‌ అంటారు. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుంటారు. ఒకరు మాత్రం ‘గేమ్‌ మాస్టర్‌’గా ఉండి కథ నడిపిస్తారు. ఫలితం తేలని చోట పాచికలు తేలుస్తాయి. చివర్లో ఒకరు గెలిచి మిగతావాళ్లు ఓడిపోవడం ఉండదు. వారం వారం కూర్చుంటూ ఒకే కథను ఏళ్ల తరబడి ఆడేవాళ్లూ ఉన్నారు. ఇంత వ్యవహారానికీ ఆధారం నిబంధనల పుస్తకం. పదేళ్లకో పదిహేనేళ్లకో దానికి కొత్త ఎడిషన్‌ వస్తుంది. అక్కడే మొదలవుతుంది అసలు కథ.

యుద్ధపటం నుంచి పుట్టిన ఆట

ఈ ఆటల మూలాలు సైన్యంలో ఉన్నాయి. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్‌విట్జ్‌ ఓ యుద్ధక్రీడకు నిబంధనల పుస్తకం తెచ్చాడు. పటం మీద చిన్న దిమ్మెలే సేనలు. పాచికలు దెబ్బల లెక్క చెబుతాయి. తీర్పు చెప్పడానికి మధ్యవర్తి ఉంటాడు. సైనికాధికారులకు యుద్ధం నేర్పించడానికి అప్పట్లో అది పాఠం. తర్వాతి కాలంలో అలాంటి ఆటలే మామూలు జనానికి కాలక్షేపమయ్యాయి.

1969లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్‌ వెస్లీ అనే కుర్రాడు నెపోలియన్‌ కాలం నాటి యుద్ధక్రీడకు చిన్న మెలిక పెట్టాడు. ‘బ్రాన్‌స్టైన్‌’ అనే ఊహా పట్టణాన్ని సృష్టించి, ఆటగాళ్లకు సేనల బదులు మనుషుల్ని ఇచ్చాడు. ఒకరు నగర పెద్ద, ఒకరు విద్యార్థి నాయకుడు... ఇలా. అంతే, అందరూ పటం వదిలేసి ఒకరితో ఒకరు మంతనాలు మొదలుపెట్టారు! ఆ బృందంలోని డేవ్‌ ఆర్నెసన్‌, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో ‘డంజన్స్‌ అండ్‌ డ్రాగన్స్‌’ తెచ్చాడు. తొలిసారి వేసింది వెయ్యి పెట్టెలే. ఈరోజు ప్రపంచమంతా ఆడుతున్న రోల్‌ ప్లేయింగ్‌ ఆటలకు అదే మొదలు. అందులో రాక్షసులూ మంత్రగాళ్లూ ఎంతమంది ఉన్నా, తెర తీసి చూస్తే వెనక ఉన్నది చరిత్రే.

వైకుంఠపాళి ఏమైంది?

ఆటను మార్చడంలో ఏముందిలే అనిపించవచ్చు. మన వైకుంఠపాళినే చూడండి. నిచ్చెనలు పుణ్యానికి, పాములు పాపానికి గుర్తు. ఏ గుణం పైకి తీసుకెళ్తుందో, ఏ దుర్గుణం కిందికి తోస్తుందో పటం మీదే రాసి ఉండేది. పైకి ఎక్కడం కష్టం, జారడం తేలిక అని చెప్పడానికి పాత పటాల్లో పాముల సంఖ్యే ఎక్కువ. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ ఆట ఇంగ్లండ్‌ చేరింది. అక్కడ ముందు గుణాల పేర్లు మారాయి. పోనుపోను పాములూ నిచ్చెనలూ సరిసమానమయ్యాయి. ఆ తర్వాత గుణాల పేర్లే చెరిగిపోయాయి. చివరికి మిగిలింది వంద గళ్ల పిల్లల ఆట!

పందెం వేయడం అదే, పాము మింగడం అదే. కానీ ఆట చెప్పే మాట మారిపోయింది. కొత్త ఎడిషన్‌ చేసేవాళ్ల భయమంతా ఇదే. ఏ గడి తీసేస్తే ఆట తేలికవుతుంది, ఏ గడి తీసేస్తే ఆటే కాకుండా పోతుంది... ఇది తెలుసుకోవడమే వాళ్ల పని. దానికి మంచి ఉదాహరణ ‘పెండ్రాగన్‌’.

ఒక రాజు, ఆరు ఎడిషన్లు

గ్రెగ్‌ స్టాఫర్డ్‌ది అమెరికా. 1975లో ‘కేయాసియం’ అనే ఆటల సంస్థ పెట్టాడు. ఆయనకు చిన్నప్పట్నుంచీ పురాణాలంటే ప్రాణం. ఆర్థర్‌ రాజు, రౌండ్‌ టేబుల్‌ వీరుల గాథల్ని 1485లో ఇంగ్లండ్‌లో కాక్స్‌టన్‌ అచ్చేశాడు. రాసింది థామస్‌ మాలరీ. సరిగ్గా ఐదొందల ఏళ్లకు, 1985లో, ఆ గాథల ఆధారంగా స్టాఫర్డ్‌ ‘కింగ్‌ ఆర్థర్‌ పెండ్రాగన్‌’ ఆటను విడుదల చేశాడు.

అప్పటి ఆటలన్నీ పాత్రకు ఎంత బలం ఉంది, ఎంత చురుకుదనం ఉంది అని లెక్కించేవి. స్టాఫర్డ్‌ వాటితోపాటు మనసునూ కొలిచాడు. దయ-క్రౌర్యం, నిజాయతీ-మోసం, అణకువ-గర్వం, ధైర్యం-పిరికితనం... ఇలా పదమూడు జంటలు. ప్రతి జంట మొత్తం ఇరవై. దయ 14 ఉంటే క్రౌర్యం 6. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. దీనికి తోడు ప్రభుభక్తి, కుటుంబం మీద ప్రేమ, అతిథి మర్యాద, పగ లాంటి ఆవేశాలకూ అంకెలే.

ఇప్పుడు ఆ కోట తలుపు దగ్గరకు మళ్లీ వెళ్దాం. తలుపు తట్టినవాడు పితృహంతకుడు. కానీ అతిథి. ఆటగాడు ఎటూ తేల్చుకోలేకపోతే పాచిక వేయాలి. అతిథి మర్యాద గెలిస్తే శత్రువుకు అన్నం పెట్టాలి. పగ గెలిస్తే కత్తి దూయాలి... తన పరువు పోతుందని తెలిసినా సరే! మన పురాణాల్లో ధర్మసంకటాలు చదువుతూ పెరిగినవాళ్లకు ఈ ఇబ్బంది ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో విశేషం, కాలం. ఇక్కడ సాధారణంగా ఒక సాహసం అంటే ఒక ఏడాది. సాహసం ముగియగానే ‘శీతాకాలం’ వస్తుంది. పంట పండిందా, గుర్రం బతికిందా, పెళ్లయిందా, బిడ్డ పుట్టిందా... అన్నీ పాచికలు చెబుతాయి. ముప్పైఅయిదు దాటిన వీరుడికి ఏటా వయసు మీద పడుతుంది. బలం తగ్గుతుంది. ఒకనాటికి చనిపోతాడు. అప్పుడు ఆటగాడు ఆ వీరుడి బిడ్డను తీసుకుని ఆట కొనసాగిస్తాడు. అంటే ఇది ఒక మనిషి కథ కాదు, ఒక వంశం కథ.

చేర్చారు... తీసేశారు

ఇంత బాగున్న ఆటను ఎందుకు మార్చాలి? ఆడేకొద్దీ లోపాలు బయటపడతాయి కనుక. ఒక నిబంధన రాసినాయనకు ఒకలా, చదివినవాళ్లకు ఇంకోలా అర్థమవుతుంది. ఇంకో నిబంధన కాగితం మీద ముచ్చటగా ఉంటుంది, బల్ల మీద గంటసేపు లెక్కలు చేయిస్తుంది. అందుకే కొత్త ఎడిషన్‌ ముసాయిదాను ఆటగాళ్ల బృందాలకు ఇచ్చి ఆడిస్తారు. రచయిత పక్కన కూర్చుని వివరించకూడదు. పుస్తకం ఒక్కటే మాట్లాడాలి. వాళ్లు ఎక్కడ తడబడ్డారో అక్కడ మళ్లీ రాయాలి. ఇది నెలలూ ఏళ్లూ పట్టే పని.

పెండ్రాగన్‌ ప్రయాణంలో తమాషాలు చాలా ఉన్నాయి. రెండో ఎడిషన్‌ అచ్చులోకి రానేలేదు. 1985 నాటి మొదటిదాని తర్వాత 1990లో వచ్చింది నేరుగా మూడోది! 1993 నాటి నాలుగో ఎడిషన్‌లో ఆటగాళ్లు మంత్రగాళ్లుగా ఆడే వీలు కల్పించారు. వినడానికి సరదాగానే ఉంది. కానీ ఆర్థర్‌ గాథల్లో మంత్రమంటే ఎక్కణ్నుంచి వస్తుందో తెలియని వింత. అది ఆటగాడి చేతిలో పనిముట్టయితే ఆ వింత ఎక్కడ మిగులుతుంది? 2005 నాటి అయిదో ఎడిషన్‌లో స్టాఫర్డ్‌ దాన్ని తీసేశాడు. ఆడేది వీరులుగానే. కొత్త ఎడిషన్‌ అంటే చేర్చడమే కాదు, తీసేయడం కూడా అని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ ఉండదు.

మరి చరిత్ర మాటేమిటి? ఆర్థర్‌ నిజంగా ఉన్నాడో లేదో చరిత్రకారులే చెప్పలేరు. ఉంటే గింటే అయిదారు శతాబ్దాల వాడు. కానీ గాథలు రాసినవాళ్లు పన్నెండు, పదిహేను శతాబ్దాల వాళ్లు. అందుకే కథల్లో ఆర్థర్‌ వీరులు తమ కాలానికి లేని ఉక్కు కవచాల్లో మెరిసిపోతుంటారు. చరిత్ర ప్రకారం పోతే గాథ పోతుంది. గాథ ప్రకారం పోతే చరిత్ర పోతుంది.

స్టాఫర్డ్‌ దీనికి చక్కని ఉపాయం కనిపెట్టాడు. 2006లో వచ్చిన ‘గ్రేట్‌ పెండ్రాగన్‌ క్యాంపెయిన్‌’ నాలుగొందల పేజీలకు పైబడిన గ్రంథం. ఆట క్రీ.శ. 485లో ఆర్థర్‌ తండ్రి హయాంలో మొదలై సుమారు ఎనభై ఏళ్లు సాగుతుంది. మొదట్లో వీరులు గొలుసు కవచాలు వేసుకుంటారు. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆయుధాలు, కవచాలు, కోటలు, మర్యాదలు శతాబ్దాల వేగంతో మారిపోతాయి. చివరికొచ్చేసరికి నిండు ఉక్కు కవచాలు! అంటే ఆర్థర్‌ ఏలిన ఆ కొద్ది కాలంలో మధ్యయుగమంతా కళ్లముందు గిర్రున తిరుగుతుంది. తాత చూసిన లోకం మనవడికి తెలియదు. తప్పులా కనిపించేదాన్నే ఆటకు ప్రాణంగా మార్చేశాడాయన.

డబ్బులతో చెలగాటం

కొత్త ఎడిషన్‌ అంటే ఆలోచనలే కాదు, అప్పులు కూడా. బొమ్మలు వేయించాలి, అచ్చు వేయించాలి, దేశదేశాలకూ పంపాలి. స్టాఫర్డ్‌ స్థాపించిన సంస్థకే ఈ దెబ్బ తగిలింది. 1920ల నాటి ప్రపంచంలో నడిచే భయానక ఆట ‘కాల్‌ ఆఫ్‌ కతుల్హు’ వాళ్లదే. దాని ఏడో ఎడిషన్‌ కోసం 2013లో కిక్‌స్టార్టర్‌ వెబ్‌సైట్‌లో అభిమానుల నుంచి ముందుగానే డబ్బు సేకరించారు. అయిదున్నర లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. పండగే అనుకున్నారు. కానీ ఉత్సాహంలో బోలెడు కానుకలు ఒప్పేసుకున్నారు. వాటి తయారీ, రవాణా ఖర్చులు తడిసి మోపెడయ్యాయి. పుస్తకాలు ఆలస్యమయ్యాయి. సంస్థ మూతపడే పరిస్థితి. 1990ల చివర్లో సంస్థ నుంచి వెళ్లిపోయిన స్టాఫర్డ్‌, ఆ ఆట సృష్టికర్త శాండీ పీటర్సన్‌తో కలిసి 2015లో తిరిగొచ్చి పగ్గాలు పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత కొత్త బృందం వచ్చి బాకీపడ్డ పుస్తకాలు పంపి నిలబెట్టింది.

దీనికి భిన్నమైన దారీ ఉంది. 1220 నాటి ఐరోపాలో మంత్రవేత్తల కథగా సాగే ‘ఆర్స్‌ మ్యాజికా’ 1987లో పుట్టింది. చేతులు మారుతూ మారుతూ 2004లో అయిదో ఎడిషన్‌కు చేరింది. ఇక అక్కడి నుంచి ప్రచురణకర్తలు ఆరోది జోలికి పోలేదు. ఉన్న అయిదోదాన్నే సరిదిద్ది సమగ్రంగా తేవాలనుకున్నారు. పైగా దాన్ని ఎవరైనా వాడుకుని కొత్త పుస్తకాలు రాసుకునేలా స్వేచ్ఛా లైసెన్సు కింద వదిలేశారు. పాత ఇల్లు పడగొట్టకుండా తలుపులు బార్లా తెరిచిపెట్టడమన్నమాట.

గెలిచిందెవరు?

నిబంధన తప్పయితే దిద్దుకోవచ్చు. ఆటలోని చరిత్రే తప్పనిపిస్తే? ‘డెడ్‌లాండ్స్‌’కు ఈ చిక్కొచ్చింది. షేన్‌ లేసీ హెన్స్‌లీ 1996లో తెచ్చిన ఈ ఆటలో కౌబాయ్‌లు, దెయ్యాలు కలిసి తిరుగుతుంటాయి. 1863 జులైలో, అమెరికా అంతర్యుద్ధంలో కీలకమైన గెటిస్‌బర్గ్‌ పోరులో చచ్చిన సైనికులు లేచి నిలబడతారు. దాంతో యుద్ధం తెగదు. దక్షిణాది వేరే దేశంగా నిలిచిపోతుంది. ఆటగాళ్లు ఏ పక్షాన్నయినా ఎంచుకునేందుకు వీలుగా, దక్షిణాది బానిసత్వాన్ని తనంతట తానే రద్దు చేసుకున్నట్టు కథలో రాసుకున్నారు.

కథకు అది సౌకర్యమే. కానీ అసలు దక్షిణాది విడిపోయిందే బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి. ఆ ముక్క తీసేస్తే మిగిలేది అందంగా తుడిచిపెట్టిన చరిత్ర. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఆ బానిసల మునిమనవలు ఉంటే? వాళ్లు ఏ పాత్ర తీసుకోవాలి? ఏళ్లు గడిచేకొద్దీ ఈ ప్రశ్న బలపడింది. చివరికి 2020 నాటి కొత్త ఎడిషన్‌లో రచయితలు చరిత్రనే మార్చేశారు. కథలోనే కాలాన్ని వెనక్కి తిప్పి, దక్షిణాది ఓడిపోయినట్టు తిరగరాశారు. దెయ్యాలు ఉన్నాయి, కౌబాయ్‌లు ఉన్నారు. ఆ దేశం మాత్రం పటం మీద లేదు.

పాతికేళ్లుగా ఆడుతున్నవాళ్లలో కొందరికి ఇది నచ్చలేదు. ఎందుకంటే వాళ్ల పాత్రలు ఆ పటం మీదే పుట్టాయి, పోరాడాయి, చచ్చిపోయాయి. ‘దెయ్యాలున్న ఆటలో చరిత్ర గొడవ ఎందుకు’ అన్నది వాళ్ల వాదన. తేలిగ్గా కొట్టిపారేయగల బాధ కాదది. అయితే ఒక్కటి మాత్రం నిజం. దెయ్యం ఊహ అని అందరికీ తెలుసు. బానిసత్వం గురించి ఆట చెప్పింది ఊహ అని అందరికీ తెలియాలనేం లేదు. చరిత్రను అరువు తెచ్చుకున్నప్పుడు వడ్డీ కూడా కట్టాలి మరి!

ఆయన లేని ఎడిషన్‌

మళ్లీ పెండ్రాగన్‌ దగ్గరకే వద్దాం. ఈ ఆట హక్కులు నాలుగైదు చేతులు మారి, 1985లో బయల్దేరిన గూటికే 2018లో తిరిగొచ్చాయి. ఆరో ఎడిషన్‌ కోసం స్టాఫర్డ్‌ ఏళ్ల తరబడి పనిచేస్తూ వచ్చాడు. తను సృష్టించిన ఆటలన్నింటిలోకీ ఇదే గొప్పదని ఆయన నమ్మకం. ఇక దీని మీద మళ్లీ చేయి పెట్టక్కర్లేదు అన్నంత నిండుగా తేవాలన్నది కోరిక. 2018 అక్టోబరులో, డెబ్భై ఏళ్ల వయసులో, ఆ పుస్తకం బయటకు రాకముందే కన్నుమూశాడు.

మిగిలినవి రాతప్రతులు, సవరణలు, సగం తేలిన ఆలోచనలు. వాటిని పుస్తకంగా మలిచే బాధ్యత డేవిడ్‌ లార్కిన్స్‌ సారథ్యంలోని బృందం మీద పడింది. ఇది మామూలు పని కాదు. పెద్దాయన రాసింది రాసినట్టు అచ్చేస్తే, ఆడి చూశాక ఆయనే మార్చి ఉండేవేమో తెలియదు. మారిస్తే, ‘ఇది ఆయన ఆట కాదు’ అనేవాళ్లు ఉండనే ఉంటారు. అడుగుదామంటే మనిషి లేడు. వంశం కథ ఆడించే ఆటకు వారసులే కథ రాయాల్సి వచ్చింది.

ఆరో ఎడిషన్‌ ప్రధాన పుస్తకం 2024లో విడుదలైంది. మనసును కొలిచే పదమూడు జంటలు అలాగే ఉన్నాయి. శీతాకాలం ఉంది. చావు ఉంది. వారసత్వం ఉంది. మారిందేమిటంటే, ఈ ఎడిషన్‌లో స్త్రీలు కూడా మామూలుగానే వీరులు కావచ్చు. చరిత్ర ప్రకారం మధ్యయుగంలో అలా లేదు కదా అని అడిగేవాళ్లకు జవాబు ఆటలోనే ఉంది. ఆరో శతాబ్దపు మనిషికి పదిహేనో శతాబ్దపు కవచం తొడిగినప్పుడు రాని అభ్యంతరం, ఆ కవచం లోపల అమ్మాయి ఉంటే ఎందుకు రావాలి? మాలరీ తన కాలపు కవచాన్ని ఆర్థర్‌కు తొడిగాడు. స్టాఫర్డ్‌ తన కాలపు మనస్తత్వాన్ని అంకెల్లో పెట్టాడు. ఇప్పటివాళ్లు తమ కాలపు న్యాయాన్ని చేర్చారు. గాథ ఎప్పుడూ బతికింది ఇలాగే.

కొత్తది వచ్చిందని పాతది చచ్చిపోదు. 1985 నాటి పెట్టె దొరికినవాళ్లు ఈరోజుకీ దాన్ని తెరిచి ఆడుకోవచ్చు. పాచికలకు ఎడిషన్లతో పనిలేదు.

ఈ ఆటలో ఓ పాత నిబంధన ఉంది. వీరుడు చనిపోతే అతడు జీవితమంతా సంపాదించిన కీర్తిలో పదో వంతు మాత్రమే బిడ్డకు దక్కుతుంది. మిగతాది ఆ బిడ్డ సొంతంగా సంపాదించుకోవాల్సిందే. కొత్త ఎడిషన్‌కూ అంతే. పెద్దాయన పేరు చూసి జనం ఒకసారి పుస్తకం తెరుస్తారు. మళ్లీ వచ్చే వారం కూడా ఆ బల్ల చుట్టూ చేరాలంటే మాత్రం... మిగతా తొమ్మిది వంతులూ ఆ పుస్తకమే సంపాదించుకోవాలి.